గోల్డ్‌స్మిత్ పాఠమూ గోపాలపురం రేవూ

ఐర్లండు దేశంలో పుట్టి లండను నగరంలో స్థిరపడిన ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770 మే నెలలో ‘ది డిజర్టెడ్ విలేజ్’ అనే కావ్యాన్ని ప్రకటించాడు. తెలుగులో ‘పాడుపడిన పల్లె’ అని చెప్పుకోవచ్చు. నాలుగు వందల ముప్పై పాదాల ఈ చిన్న కావ్యానికి మన దేశపు పరీక్షలతో దీర్ఘకాలిక సంబంధం ఉన్నది. 1840లో కలకత్తా హిందూ కళాశాల అధ్యాపకుడు డి. ఎల్. రిచర్డ్‌సన్ కూర్చిన ఆంగ్ల కవితా సంకలనం ప్రభుత్వ విద్యాలయాలలో పాఠ్యగ్రంథమైనప్పుడు గ్రే, పోప్, షేక్‌స్పియర్‌లతో పాటు గోల్డ్‌స్మిత్ కూడా తరగతి గదిలోకి వచ్చాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. ఆ తరువాత భారతీయ విద్యార్థుల అవసరానికే బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాల ఆచార్యుడు బ్యారెట్ వ్యాఖ్యానంతో మాక్మిలన్ సంస్థ ఈ కావ్యాన్ని అచ్చువేసింది. మూలం కొన్ని పుటలు, వివరణలు అంతకు ఎన్నో రెట్లు. పరీక్షకు చదివే విద్యార్థికి కవి కంటె వ్యాఖ్యాతే దగ్గరి చుట్టమైన కాలమది.

కావ్యం మొత్తం మీద విద్యార్థులను ఎక్కువగా శ్రమపెట్టే భాగం వలసకు సంబంధించినది. 340వ పాదం దాటిన తరువాత మొదలై సుమారు నలభై అయిదు పాదాలు సాగే ఈ ఘట్టంలో ఊరుమ్మడి బయళ్లు కంచెల పాలై, బ్రతుకుతెరువు కోల్పోయిన పల్లెవాసులు అట్లాంటిక్ మహాసముద్రం దాటి పోతారు. గమ్యం ‘ఆల్టమా’ తీరం. అమెరికాలోని జార్జియా ప్రాంతపు ఆల్టమాహా నదికి కవి ఇచ్చిన కుదించిన పేరు ఇది. అక్కడ మండే ఎండ, పాటలేని పక్షులు, విషపు తేళ్లు, పాములు, పొంచి ఉన్న పులులు, సుడిగాలులు. ఆపైన ప్రయాణపు రోజు వర్ణన. వృద్ధుడైన తండ్రి ముందుగా సిద్ధపడతాడు. తన కొరకు కాక ఇతరుల కొరకు కన్నీరు పెడతాడు. కూతురు మనసిచ్చినవానిని విడిచి తండ్రి వెంట నడుస్తుంది. తల్లి బిడ్డలను ముద్దాడి బిగ్గరగా దుఃఖిస్తుంది. భర్త మాట లేకుండా ఆమెను ఊరడించ ప్రయత్నిస్తాడు.

ఈ ఘట్టాన్ని మన ఉపాధ్యాయులు బోధించిన పద్ధతికి మూలం ఆంగ్లేయ విద్యలో లేదు. మన కావ్యపాఠంలోనే ఉన్నది. ప్రబంధ పద్యానికి చేసినట్లే ఆంగ్ల పాదాలకూ ముందు అన్వయం, తరువాత ప్రతిపదార్థం, ఆపైన తాత్పర్యం, చివర అలంకారం. ఈ పద్ధతిని నేటివారు తేలికగా పరిహసిస్తారు గాని, వాక్యంలో కర్త ఎక్కడ దాగి ఉన్నాడో తెలియని పిల్లవానికి రసాన్ని గురించి ఉపన్యసించడం వల్ల ప్రయోజనం లేదు. అయితే పరీక్ష కోరినది అక్కడితో ఆగిపోయింది. ఆల్టమా ఎక్కడిది, ఈ పాదాల సందర్భమేమి, కావ్యం చివరి నాలుగు పాదాలు ఎవరివి (అవి కవి మిత్రుడు డాక్టర్ జాన్సన్ చేర్చినవి) అన్న ప్రశ్నలకు సమాధానం కంఠస్థమైతే చాలు. జార్జియాలో పులులు లేవన్న దిద్దుబాటును కూడా శ్రద్ధగా చెప్పించేవారు. అడవి అంచున నిజమైన పులి భయంతో బ్రతికిన గంజాం మన్యపు పిల్లలకు ఆంగ్లకవి చేసిన జంతుశాస్త్రపు పొరపాటు మార్కులు తెచ్చిపెట్టే అంశం కావడం విచిత్రమే.

ఆ విద్యార్థులలో బరంపురం ప్రాంతపువారికి ఓడను వెతుక్కుంటూ అట్లాంటిక్ దాకా పోవలసిన అవసరం లేదు. ఊరికి పదహారు కిలోమీటర్ల దూరంలో గోపాలపురం రేవు ఉన్నది. 1852 యుద్ధంతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నది. ఐరావతీ డెల్టా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. రంగూను మిల్లులకు, రేవుకు, పొలాలకు మనుషులు కావలసి వచ్చారు. కాకినాడ, విశాఖపట్టణం, భీమునిపట్టణం, కళింగపట్టణం, గోపాలపురం రేవుల నుండి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు వారిని చేరవేశాయి. స్టీమరు ఒడ్డుకు రాలేదు. కెరటాలను తట్టుకొనే మసూలా పడవలలో మనుషులను తీసుకుపోయి నడిసముద్రంలో ఎక్కించేవారు. ఉత్తరాంధ్ర, గంజాం పల్లెలలో ఈ ప్రయాణానికి ఒక్కటే మాట: రంగం పోవడం. బర్మాలో మాత్రం మనవారికి ఇంకొక పేరు స్థిరపడింది. గోదావరి ముఖాన ఒకనాడు వెలిగి 1839 తుపానుతో చితికిపోయిన కోరంగి రేవు పేరుమీద తెలుగు కూలీలందరూ అక్కడ ‘కోరంగీలు’ అయ్యారు.

అంతకు ముందే మరికొన్ని దారులు తెరుచుకున్నాయి. 1834 తరువాత మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలు పోసాగారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో నేటాల్ చేరింది. 1911లో ఆ ఏర్పాటు ముగిసేనాటికి అక్కడికి తరలిన భారతీయులు 1,52,184 మంది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 1903 నుండి మద్రాసు ఓడలు ఫిజీ దీవులకు కూడా నడిచాయి. ఈ ఓడల పట్టికలలో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు వ్రాసేవారు. గోల్డ్‌స్మిత్ తండ్రికీ కూతురికీ పేర్లు పెట్టలేదు, కన్నీళ్లు ఇచ్చాడు. గుమాస్తా పేర్లు వ్రాసుకున్నాడు. కన్నీళ్లకు అతని పట్టికలో గడి లేదు. చరిత్ర బోధించేవారికి ఈ రెండూ కావాలి.

ఇక్కడే ఉపాధ్యాయుడు జాగ్రత్తపడవలసిన చోటు వస్తుంది. రెండు వలసలూ ఒకటే అని చెప్పి పిల్లల కళ్లు చెమర్చేట్లు చేయడం సులభం. అది పాఠానికి న్యాయం కాదు. గోల్డ్‌స్మిత్ పల్లెలో కుటుంబం మొత్తం కదిలిపోతుంది. తిరిగి రావడమన్న ఊహే లేదు. రంగం పోయినవారిలో అత్యధికులు మగవారు. మేస్త్రి ప్రయాణపు ఖర్చుకు, ఇంటి ఖర్చుకు బయానా ఇచ్చేవాడు. అక్కడ కూలి డబ్బులోనుండి అసలుతో పాటు తన వాటానూ పట్టుకొనేవాడు. అప్పు తీరితే, రోగం రాకుంటే, కొన్నాళ్లకో కొన్నేళ్లకో మనిషి తిరిగి వచ్చేవాడు. కనుక మన తీరపు వీడ్కోలులో భర్త భార్యను ఊరడిస్తూ ఓడలో కూర్చోలేదు. ఆమె ఇసుకలో నిలబడిపోయింది. నేటాలు, ఫిజీ ఓడల సంగతి మళ్లీ వేరు. అక్కడ వందమంది పురుషులకు నలభైమంది స్త్రీలు ఉండాలన్న నియమం పెట్టారు. ఆ సంఖ్య సంసారాల కోసం కాదు, తోటల కోసం లెక్కగట్టినది.

ఇక కారణం. సంపన్నుల విలాసమే పల్లెను మింగివేసిందని కవి తీర్పు. ఆక్స్‌ఫర్డు దగ్గరి న్యూన్‌హామ్ కోర్ట్‌నీలో హార్‌కోర్ట్ ప్రభువు తన ఉద్యానవనం కోసం 1760 దశకంలో ఒక ఊరినే తొలగించాడు. 1762లో గోల్డ్‌స్మిత్ పత్రికలో వ్రాసిన ఒక వ్యాసం కూడా ఇటువంటి తొలగింపును గురించినదే. అయినా పల్లెలు ఖాళీ కావడం కవి ఊహ మాత్రమేనని మిత్రులే ఆక్షేపిస్తారని, నాలుగైదేళ్లు పల్లెలు తిరిగి చూచిన మీదటనే తాను ఈ మాట అంటున్నానని చిత్రకారుడు రేనాల్డ్స్‌కు వ్రాసిన అంకితంలో ఆయన చెప్పుకున్నాడు. పరీక్షార్థులు దాటవేసే ఈ అంకితమే కావ్యానికి మంచి ప్రవేశిక. కవి మాటను పరీక్షించవచ్చునని, పరీక్షించాలని అది నేర్పుతుంది.

గంజాంలో కారణాలు వేరు. 1802 శాశ్వత పైసలాతో జమీందారీలు బిగుసుకున్నాయి. 1866 కరవు, తిరిగి 1888–89 కరవు సన్నకారు రైతును, పాలికాపును దిక్కులేనివారిని చేశాయి. తిండి, అప్పు, కూలి రేటు అనే మూడింటి లెక్కలోనే ఓడ ప్రయాణం నిర్ణయమయ్యేది. ఇంకొక భేదం ఇంతకంటె ముఖ్యమైనది. గోల్డ్‌స్మిత్ చిత్రించిన పల్లెలో పచ్చిక బయలు అందరిదీ. సాయంకాలపు ఆటపాటలు అందరివీ. ఆ చిత్రం మరీ తీపిగా ఉన్నదని ఇంగ్లండులోనే 1783లో జార్జి క్రాబ్ ‘ది విలేజ్’ అనే కావ్యంతో బదులు చెప్పాడు. మన పల్లెలో బావి అందరిదీ కాదు, గుడి అందరిదీ కాదు. వెలివాడ నుండి స్టీమరు ఎక్కినవానికి ఊరు విడవడం దుఃఖమే అయినా, కొంత ఊపిరి కూడా అయి ఉంటుంది. ఈ మాట చెప్పకుండా ‘పాడుపడిన పల్లె’ను బోధిస్తే తరగతిలో కొందరు పిల్లలకు అది ఎన్నటికీ పరాయి పాఠమే.

ఈ అనుభవం విద్యార్థుల వ్రాతలోకి రాకపోవడానికి భాష కూడా ఒక అడ్డంకి. నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో చరిత్ర బోధించిన గిడుగు రామమూర్తి పంతులు, విజయనగరంలో గురజాడ అప్పారావు, ఇన్‌స్పెక్టరు యేట్స్, విశాఖపట్టణపు పి. టి. శ్రీనివాస అయ్యంగారు విద్యార్థి తెలుగు వ్యాసాన్ని వాడుక భాషలో వ్రాయవచ్చునా అన్న వివాదాన్ని నడిపినది ఈ ప్రాంతాలలోనే. గురజాడ అసమ్మతి పత్రం 1914 నాటిది. వారి పక్షం అప్పటికి ఓడిపోయింది. ఇంగ్లీషు పత్రంలో ఆల్టమా గురించి, తెలుగు పత్రంలో గ్రాంథికంలో ఋతువర్ణన గురించి వ్రాసిన విద్యార్థికి ‘రంగం’ అన్న మాటను వాడుకొనే చోటు ఏ పత్రంలోనూ దొరకలేదు.

గోల్డ్‌స్మిత్ జీవితంలో మన తీరానికి సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. పిల్లలకు ఇది తప్పక చెప్పాలి. దారిద్ర్యంలో ఉన్న రోజులలో, 1758లో, ఆయనకు కోరమాండల్ తీరంలోని ఒక ఈస్టిండియా కంపెనీ స్థావరంలో వైద్యుని ఉద్యోగం ఇస్తామన్నారు. ప్రయాణపు ఖర్చు కూడబెట్టడానికి ఒక గ్రంథం కూడా వ్రాయడం మొదలుపెట్టాడు. ఆ ఉద్యోగం చేజారింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆసుపత్రి సహాయకుని పనికోసం శస్త్రవైద్యుల సంఘం ముందు పరీక్షకు కూర్చున్నాడు. యోగ్యుడు కాడని తిప్పి పంపారు. సరిగ్గా ఆ నెలలోనే గోదావరి మండలంలో చందుర్తి యుద్ధం జరిగి ఉత్తర సర్కారుల గతి మారింది. పరీక్ష తప్పిన ఈ మనిషి పన్నెండేళ్లకు వ్రాసిన కావ్యాన్ని ఆ సర్కారుల పిల్లలే పరీక్ష కోసం వల్లెవేశారు.

కాలం గడిచింది. 1930 మే 26న రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె పర్యవసానంగా అల్లర్లు చెలరేగి ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. 1942లో నాలుగు లక్షలకు పైబడిన భారతీయులు బర్మా విడిచారు. వారిలో అనేకులు ప్రోమ్ నుండి టౌంగప్ కనుమ మీదుగా, ఇతర కొండదారుల వెంట కాలినడకన వచ్చారు. దారిలో కలరాతో, ఆకలితో రాలిపోయినవారు వేలమంది. 1964 తరువాత మిగిలినవారిలో చాలామంది ఓడలలో విశాఖపట్టణం, మద్రాసు చేరారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ పేరుతోనే నిలిచి ఉన్నది.

ఈలోగా బరంపురం తెలుగువారికి ఓడ ఎక్కకుండానే రాష్ట్రం మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలో అధికభాగం అందులో చేరింది. మద్రాసు, ఆంధ్ర, ఉత్కళ విశ్వవిద్యాలయాల పరీక్షలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. 1967లో బరంపురానికే ఒక విశ్వవిద్యాలయం దక్కింది. ఇల్లు అదే, వీధి అదే; పిల్లవాడు కూర్చొనే పరీక్ష భాష మాత్రం మారుతూ వచ్చింది. తెలుగు మాధ్యమ పాఠశాలలు నిలదొక్కుకోవడానికి ఇన్నేళ్లు పడిన శ్రమ ఈ సంచికలోని ఇతర పుటలలో కనబడుతుంది.

గోపాలపురం రేవు నుండి స్టీమర్లు రంగూను పోవడం రెండవ ప్రపంచ యుద్ధంతో ఆగిపోయింది. గంజాం వలస ఆగలేదు. దిక్కు తూర్పు నుండి పడమరకు మారింది. సూరతు మరమగ్గాల మీద ఒరియా, తెలుగు యువకులు భుజం భుజం కలిపి పని చేస్తున్నారు. 2020 మే నెలలో మగ్గాలు మూతపడినప్పుడు ప్రత్యేక రైళ్లలో వారు జిల్లాకు తిరిగి రావడం పదవ తరగతి పిల్లలందరూ చూచినదే. కొందరి అన్నలు ఆ రైళ్లలోనే వచ్చి, మగ్గాలు తెరిచిన తరువాత మళ్లీ సూరతు వెళ్లిపోయారు. వలస ఘట్టం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఆల్టమా నది గీచి, దాని ప్రక్కన గోపాలపురం, రంగూను, డర్బను, సూరతు కూడా గుర్తిస్తే, ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు, బయానా ఎవరిచ్చారు, తిరిగి వచ్చారా అన్న నాలుగు ప్రశ్నలను ప్రతి చోటికీ వేయించవచ్చు. సందర్భసహిత వ్యాఖ్యకు కావలసిన సరుకంతా ఆ నాలుగింటిలోనే దొరుకుతుంది. మార్కులకూ లోటు రాదు.