డాబాగార్డెన్స్‌లో తోట

విశాఖపట్నంలో మా మల్కాపురం వైపు రాత్రి పూర్తిగా చీకటి పడదు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైన దగ్గర్నుంచీ ఇటు ఆకాశానికి లైట్లూ, గొట్టం మీది మంటా అలవాటే. షిప్‌యార్డులో ఫిట్టరుగా నైట్ షిఫ్టులు చేసి రిటైరైన నాకు చుక్కలతో పరిచయం తక్కువ. ఆదివారాలు మావాళ్లు జనానికి దూరంగా ఎటైనా పోదామని విజయనగరం కోట పేరెత్తుతారు. డాబాగార్డెన్స్ పోదాం రండి అంటాను. నవ్వుతారు. జగదాంబ జంక్షన్‌ పక్కన హోటళ్లు, షాపులు, ఆటోలు ఒరుసుకునే చోటికి ప్రశాంతత కోసం పోయేదెవరు!

కానీ అది పేరుకే గార్డెన్స్ కాదు, ఒకప్పుడు నిజంగా తోటే. జమీందారు గోడే వెంకట జగ్గారావు కుర్రతనంలో మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో ఇక్కడ సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. తోటంటే జమీందార్లకు సాయంత్రం చల్లగాలి, కచేరీ, బంధువుల సందడి. ఈయనకు మాత్రం చీకటి కావాలి. నౌకర్లు దీపాలు ఆర్పితేగాని యజమాని పని మొదలు కాదు. ఆ దృశ్యం ఊహించుకుంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నాడు. ఆరంగుళాల టెలిస్కోపు తెప్పించాడు. ఎండా వానా లెక్కలు రాయించాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటాడు. సూర్యుడు మనకెంత దూరమో తేల్చడానికి అదే అదను. అందుకని ఇంగ్లండు, ఫ్రాన్సు పండితులు ఓడలెక్కి ప్రపంచం నలుమూలలకూ పోయారు. నరసింగరావు తన తోట దాటకుండానే దాన్ని చూశాడు.

మా ఇంటి నుంచి కనబడే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం కూడా ఆ కుటుంబం చలవే. రేవు, షిప్‌యార్డు పుట్టకముందు సంగతి.

1892లో నరసింగరావు పోయాక, రెండేళ్లకు అబ్జర్వేటరీని మద్రాసు ప్రభుత్వానికి అప్పగించారు. తోట ముక్కలై ఇళ్లూ కొట్లూ లేచాయి. దీనికి నేను పెద్దగా బాధపడను. ఊరు పెరిగితే జనం ఎక్కడో ఒకచోట ఉండాలిగా, మల్కాపురంలో మేమున్నట్టే. టెలిస్కోపు కుటుంబం డబ్బు మాత్రం వృథా కాలేదు. మిసెస్ ఏవీఎన్ కాలేజీ పేరులోని ఏవీఎన్ ఈ అంకితం వెంకట నరసింగరావే. ఆ కాలేజీలో చంద్రశేఖర అయ్యర్ అనే అధ్యాపకుడు పాఠాలు చెప్పేవాడు. ఆయన కొడుకు అక్కడే చదివి మద్రాసు వెళ్లాడు, సి.వి. రామన్.