న్యూయార్క్ నగర వాణిజ్య ప్రాంతాల జోనింగ్ నిబంధనలు

న్యూయార్క్ నగర జోనింగ్ తీర్మానం, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరంలో ఏ స్థలంలో ఏ వ్యాపకం సాగవచ్చునో, అక్కడ కట్టడం ఎంత ఎత్తు, ఎంత విస్తీర్ణం కలిగి ఉండవచ్చునో నిర్దేశించే స్థానిక శాసనం. మొదటి తీర్మానం 1916లో వచ్చినది. 1961లో దాని స్థానంలో వచ్చిన రెండవ తీర్మానమే అనేక సవరణలతో నేటికీ అమలులో ఉన్నది. ఒక తరం భయాన్ని తీర్చడానికి వ్రాసుకున్న నియమం తరువాతి తరానికి అడ్డంకి కావడం ఈ నగర వాణిజ్య ప్రాంతాల చరిత్రలో పదే పదే కనిపిస్తుంది.

నేపథ్యం

1915లో మన్‌హట్టన్ దక్షిణ భాగంలోని బ్రాడ్‌వే వీధిలో ఈక్విటబుల్ భవనం పూర్తయినది. సుమారు ఒక ఎకరం స్థలంలో, ఏ వైపునా వెనుకకు తగ్గకుండా, నిట్టనిలువు గోడలతో 500 అడుగులకు పైగా లేచిన ఈ భవనంలో దాదాపు 12 లక్షల చదరపు అడుగుల కార్యాలయాలు ఉన్నాయి. అంటే స్థల విస్తీర్ణానికి సుమారు 30 రెట్లు! దాని నీడ పడిన ఇరుగుపొరుగు భవనాలకు వెలుతురు, గాలి కరవయ్యాయి.

రెండవ కారణం దుకాణదారుల ఆందోళన. కుట్టుపని కార్ఖానాలు క్రమంగా ఉత్తరానికి జరిగి ఫిఫ్త్ అవెన్యూ సమీపానికి చేరాయి. మధ్యాహ్న భోజన వేళ వేలాది కార్మికులు కాలిబాటలను నింపుతుంటే తమ సంపన్న ఖాతాదారులు రావడం మానేస్తారని అక్కడి వర్తకుల సంఘం వాదించినది. ఆ కార్మికులలో అత్యధికులు తూర్పు, దక్షిణ ఐరోపాల నుండి వలస వచ్చిన పేదలు. కనుక ఈ చట్టం వెనుక వెలుతురు కోరికతో పాటు పేదవారిపట్ల విముఖత కూడా ఉన్నదని చెప్పక తప్పదు.

1916 తీర్మానం

న్యాయవాది ఎడ్వర్డ్ బాసెట్ ప్రముఖపాత్ర వహించిన ఈ తీర్మానం 1916 జూలై 25న ఆమోదం పొందినది. అమెరికాలో ఒక నగరమంతటికీ వర్తించిన మొదటి సమగ్ర జోనింగ్ చట్టం ఇదే. ఇది నగరాన్ని నివాస, వ్యాపార, నియంత్రణ లేని ప్రాంతాలుగా విభజించినది. భవనం వీధి అంచున ఎంత ఎత్తు లేవవచ్చునన్నది ఆ వీధి వెడల్పును బట్టి నిర్ణయమయ్యేది. ఆపైన మెట్లు మెట్లుగా వెనుకకు తగ్గాలి. అయితే స్థలంలో నాల్గవ వంతు మీద మాత్రం ఎంత ఎత్తు గోపురమైనా కట్టవచ్చును. 1931లో పూర్తయిన ఎంపైర్ స్టేట్ భవనం ఆకారం ఈ నియమం నుండి పుట్టినదే.

అంతస్తుల మొత్తం విస్తీర్ణానికి మాత్రం హద్దు లేదు. ఈ నియమాల ప్రకారం కట్టదగినదంతా కడితే నగరంలో సుమారు 5.5 కోట్ల మంది పట్టేవారని తరువాత లెక్కతేలినది.

1961 తీర్మానం

రెండవ తీర్మానం విస్తీర్ణ నిష్పత్తిని ప్రవేశపెట్టినది. నిష్పత్తి 15 అంటే 1,000 చదరపు గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 15,000 చదరపు గజాలు కట్టవచ్చును. స్థలమంతా ఆక్రమిస్తే 15 అంతస్తులు, సగమే ఆక్రమిస్తే 30 అంతస్తులు. అత్యధిక సాంద్రత గల వాణిజ్య ప్రాంతాలకు ఈ 15నే గరిష్ఠ పరిమితిగా నిర్ణయించారు. (హైదరాబాదులో 2006లో వచ్చిన నిబంధనలు ఇటువంటి పరిమితిని తొలగించి, రోడ్డు వెడల్పును, భవనం చుట్టూ వదలవలసిన ఖాళీని ఆధారం చేసుకున్నాయి. ఒక విధంగా అది 1916 నాటి న్యూయార్క్ పద్ధతికి దగ్గరగా ఉన్నది.)

1958లో పూర్తయిన సీగ్రమ్ భవనం ముందు విశాలమైన ఆరుబయలు విడిచిపెట్టారు. అది నిపుణులకు ఎంతగానో నచ్చినది. అందువలన కొత్త తీర్మానం, ప్రజలకు ఆరుబయలు వదిలిన యజమానికి 20 శాతం వరకు అదనపు విస్తీర్ణం బహుమానంగా ఇచ్చినది. యజమానులు పోటీపడి ఆరుబయళ్ళు వదిలారు. కాని కూర్చోవడానికి బల్ల ఉండాలని, నీడకు చెట్టు ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు! అనేకం ఎండకు కాగే రాతి నేలలుగా మిగిలాయి. విలియం వైట్ ఇటువంటి చోట్ల జనం ఎక్కడ కూర్చుంటారో, ఎందుకు కూర్చోరో కెమెరాతో చిత్రీకరించి పరిశీలించాడు. దాని ఫలితంగా 1975లో ఆసనాలు, చెట్లు తప్పనిసరి చేయబడ్డాయి. అయినా 2000లో వెలువడిన ఒక అధ్యయనం, పరిశీలించిన 503 స్థలాలలో 41 శాతం ప్రజలకు అంతగా ఉపయోగపడనివని తేల్చినది. బహుమానంగా పొందిన అంతస్తుల అద్దె మాత్రం యజమానులకు అందుతూనే ఉన్నది.

ఈస్ట్ మిడ్‌టౌన్ సవరణ

గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషను పరిసరాలలోని కార్యాలయ భవనాలు పాతబడ్డాయి. వాటిని పడగొట్టి తిరిగి కడితే, 1961కి పూర్వం కట్టిన కొన్నింటికి ఉన్నంత విస్తీర్ణం కూడా దక్కదు. కనుక ఎవరూ ముందుకు రాలేదు. 2017 ఆగస్టులో నగర మండలి 78 బ్లాకులకు పరిమితులు పెంచినది. చారిత్రక భవనాల వారు తాము వాడుకోని విస్తీర్ణపు హక్కును ఈ ప్రాంతంలో ఎవరికైనా అమ్ముకోవచ్చును. అందులో కొంత భాగం వీధుల, భూగర్భ రైలు స్టేషన్ల మెరుగుదలకు చెల్లించాలి. అంతకుముందే, 2015లో, స్టేషను పక్కనే కట్టదలచిన వన్ వాండర్‌బిల్ట్ భవనానికి విస్తీర్ణ నిష్పత్తి 30 వరకు అనుమతించారు. అందుకు బదులుగా యజమానులు స్టేషను అభివృద్ధికి 22 కోట్ల డాలర్ల పనులు చేపట్టారు. నూరేళ్ళ క్రితం నగరాన్ని భయపెట్టిన ఈక్విటబుల్ భవనపు నిష్పత్తీ ఇంచుమించు ఇంతే కావడం గమనించదగిన విషయం.

2024 సవరణ

ఎత్తులపై ఇన్ని మార్పులు జరిగినా, ఏ వీధిలో ఏ వ్యాపారం ఉండవచ్చునన్న 1961 నాటి జాబితాలు చాలా భాగం అలాగే ఉండిపోయాయి. వాటి బాధ పెద్ద సంస్థల కంటే చిన్న వ్యాపారులకే ఎక్కువ. ఉదాహరణకు, నివాస ప్రాంతంలో పూర్వం నుండి ఉన్న దుకాణం రెండేళ్ళు మూతపడితే, సాధారణంగా అక్కడ తిరిగి దుకాణం పెట్టడానికి వీలుండేది కాదు. మూలమీది కొట్టు గది ఖాళీగా పాడుపడవలసినదే.

2024 జూన్ 6న నగర మండలి ఆమోదించిన సవరణ, 18 వ్యాపార వర్గాలను 10కి కుదించినది. మూతపడిన అటువంటి దుకాణాలను తెరవడానికి వీలు కల్పించినది. కాలుష్యం లేని చిన్న తయారీ పనులను వాణిజ్య వీధులలోకి అనుమతించినది. ఇంటినుండి నడిపే వృత్తులపై పరిమితులను సడలించినది. కార్ఖానాలను దుకాణాల వీధినుండి దూరంగా ఉంచాలని 1916లో పట్టుబట్టిన నగరమే ఈ విధంగా వాటిలో కొన్నింటికి ఆ వీధులలో చోటిచ్చినది.