పట్టాల్లేని ఊరి నుంచి బొగ్గుబాయి ముచ్చట

మా ఊరు బోరంచ చరిత్ర అడిగితే నల్ల పోచమ్మ గుడి, మంజీర, నల్లరేగడి చేలు చెప్పి ఊరుకుంటాం. పట్టాల ఊసు రాదు, రైలెక్కాలంటే జహీరాబాదో బీదరో పోవాల్సిందే. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనే ఉండేది. తర్వాత మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డికి మారింది. అయినా మా చరిత్రలో బొగ్గుబాయికి చోటుండాలంటాను. ఒకప్పుడు మా ఊరినీ, సింగరేణి బొగ్గుబాయిలనూ ఏలింది నిజామే. పైగా సింగూరు, నిజాంసాగర్ తాగగా మిగిలిన మంజీర నీళ్లు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, సింగరేణి బాయిలున్న గోదావరిఖని పక్కనుంచే పోతాయి.

ఇల్లందు దగ్గర 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ పట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది.

తవ్విన బొగ్గును బయటికి తేవడమే అసలు తంటా. జర్మనీ, బ్రిటన్ గనుల్లో దీనికి చిన్న పట్టాల డీజిల్ ఇంజన్లు వాడారు. లీడ్స్ నగరంలోని హన్స్‌లెట్ కంపెనీ 1930ల్లోనే వీటి మీద పనిచేసింది. బొగ్గులోంచి వచ్చే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, బాయి పేలిపోతుంది. అందుకే ఆ ఇంజను పొగను నీళ్లలోంచి పంపి చల్లార్చేవారు. మంట బయటికి రాకుండా సన్నని సందులున్న లోహపు పలకలు అడ్డుపెట్టేవారు. బ్యాటరీ మెరుపు లేకుండా, అదిమిపట్టిన గాలితోనో చేతితోనో స్టార్ట్ చేసే ఏర్పాట్లుండేవి. ఇన్ని చేసినా విషవాయువు మిగులుతుంది కాబట్టి గాలి బాగా ఆడాలి.

సింగరేణిలో మాత్రం ఎక్కువగా తాడే నడిచింది. కారణం నేలలోనే ఉంది. ఇక్కడి బొగ్గు పొరలు ఏటవాలుగా దిగుతాయి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం ఎత్తులో జారుతుంది, డీజిల్ ఇంజనుకు దాదాపు చదునైన బాట కావాలి. అందుకే పైన తాడు లాగే హాలేజ్ ఇంజను, కింద బొగ్గు నింపే టబ్బుల వరస, నడుమ ఉక్కుతాడు. బాయిలను ఇంక్లైన్లని పిలవడమూ ఆ వాలు వల్లే. గంట మోగితే తాడు కదులుతుంది. తాడు తెగితే టబ్బులు దొర్లుకుంటూ కిందికి పోతాయి. అప్పుడు ప్రాణం దక్కించుకోవడానికి పక్కగోడలో మనిషి పట్టేంత గూళ్లు తవ్వి ఉంచేవారు. ఇంజనును తయారుచేసినవాడి తెలివిని అందరూ మెచ్చుకుంటారు, ఆ గూటి కొలత తెలిసిన కార్మికుణ్ణి ఎవరూ తలవరు. నాకిది బాధ.

డీజిల్ రాజ్యం సింగరేణిలో చివరికి నేల మీదే వచ్చింది. ఇవాళ అత్యధిక బొగ్గు పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుల నుంచి డంపర్ల మీద వస్తోంది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఆ టబ్బులను పాతసామాను కింద తూకానికి అమ్మకండి. ఒక్క టబ్బునైనా, రెండు గజాల పట్టాతో సహా, సంగారెడ్డిలో పెట్టండి. మా పిల్లలు బస్సెక్కి వచ్చి చూస్తారు.