పామిడి: అద్దకం నుంచి కుట్టుపని దాకా

నందికొండల్లో పుట్టిన పెన్న అనంతపురం పీఠభూమిని ఉత్తరంగా దాటి తూర్పుకు మళ్లే దారిలో ఉన్న పామిడి, వాన మీద ఆధారపడిన వేరుశనగ సీమలో బట్ట వల్ల పేరు పొందిన ఊరు. ఊరి చరిత్రను ఏటి ఒడ్డునున్న భోగేశ్వరాలయంతో ఆరంభించడం ఆనవాయితీయే గానీ, ఊరికి కూడుపెట్టినది ఆ ఒడ్డునే సాగిన అద్దకం.

చెక్క అచ్చులతో గుడ్డపై రంగు బొమ్మలు దించే పనే అద్దకం. అలా తయారైనది చీటిగుడ్డ. కరక్కాయ రసంలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డపై జిగురు కలిపిన పటిక నీటిని అచ్చుతో అద్ది, తరువాత ఎరుపునిచ్చే చిరివేరుతో ఉడకబెడితే పటిక తగిలిన మేరకే ఎరుపు నిలుస్తుంది. తుప్పు ఇనుమును బెల్లంతో పులియబెట్టిన కసిమి తగిలిన చోట నలుపు తేలుతుంది. ఉడకబెట్టేముందు అదనపు పటికను పారే నీటిలోనే వదిలించాలి, ఎందుకంటే నిలవనీటిలో అది పక్కలకు పాకి ఎరుపు పట్టకూడని చోట మరకవుతుంది. జర్మనీలో 1868లో కనిపెట్టిన కృత్రిమ ఎరుపు రంగు అలిజరిన్ చిరివేరును పక్కకు నెట్టింది గానీ, ఏటి అవసరాన్ని తీర్చలేకపోయింది.

ఈ పనివారు మరాఠీ మాట్లాడే రంగ్రేజులు, అంటే భావసార క్షత్రియులు. విఠలుణ్ణి, హింగులాంబను కొలుస్తారు. దక్షిణ భారత కులాలు, తెగలపై ఎడ్గార్ థర్‌స్టన్ రాసిన 1909 నాటి సంపుటాల్లో వీరిని అద్దకందారులుగానే గాక దర్జీలుగానూ పేర్కొనడం గమనించదగినది, ఎందుకంటే పామిడి తరువాతి కథకు కీలు అక్కడే ఉంది. అద్దకం క్షీణతకు మిల్లుగుడ్డ ఒక్కదాన్నే నిందించడం పరిపాటి. ఏడాదిలో చాలాకాలం ఇసుకగా మిగిలే పెన్నను, ఎగువన పెనకచెర్ల దగ్గర నీటిని నిలిపిన మిడ్ పెన్నార్ జలాశయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం.

రంగు చేజారినా సూది చేతిలోనే ఉండిపోయింది. గుత్తికీ అనంతపురానికీ నడుమ 44వ జాతీయ రహదారిపై ఉండటంతో పామిడి నేడు నైటీలు, లంగాలు కుట్టి అమ్మే రెడీమేడ్ కేంద్రమైంది. పూలూ తీగెలూ ముందే అచ్చుపడిన మిల్లుగుడ్డ బయటి ఊళ్ల నుంచి తాన్లుగా దిగితే, ఇక్కడ కత్తిరించి కుట్టి మూటలు కడతారు. ఒకప్పుడు తడిగుడ్డలు పరిచి ఆరబెట్టిన ఏటి ఇసుకలో వేసవిలో నీటి కోసం చెలమలు తోడతారు.