ఆస్తిరక్షణము – ప్రాణహరణము

పంటచేనిలో మంచె నెక్కి కూర్చున్న కావలివానిని మనమందరము ఎరుగుదుము. చేలో అలికిడి యైనచో అతడు మొదట కేక వేయును. పిమ్మటనే ఒడిసెల త్రిప్పును. ఆ కేకకు పశువు బెదరును, దారి తప్పిన బాటసారి బదులు పలుకును, దొంగ పరుగెత్తును. సొత్తును కాపాడుకొనుటకై ఎదుటివాని ప్రాణము తీయవచ్చునా అను ప్రశ్నకు వివిధ దేశముల శాసనకర్తలు చెప్పిన సమాధానములను తరచి చూచినచో, ఈ కేకకు అందు మనము ఊహింపనంత చోటు కలదు.

క్రీ.పూ. 450 ప్రాంతమున రోమనులు ఏర్పరచుకొన్న పన్నెండు ఫలకముల శాసనము ప్రకారము, రాత్రివేళ వచ్చిన దొంగను ఇంటివాడు చంపినను దోషము లేదు. పగటి దొంగ ఆయుధముతో ఎదిరించిననే తప్ప వానిని చంపరాదు. అప్పుడైనను ఇరుగుపొరుగు వినునట్లు ముందు కేక వేయవలెను. యూదుల నిర్గమకాండమును ఇట్లే విభజించినది. చీకటిలో కన్నము వేయుచు దొరికినవాడు దెబ్బకు చచ్చినచో రక్తాపరాధము లేదు; సూర్యుడు ఉదయించిన పిమ్మట ఐనచో కలదు.

పోయెడి సొత్తు వెల పగలొకటి, రాత్రి యొకటి కాదు గదా! మరి భేదమెక్కడ? చీకటిలో వచ్చినవాడు ఎవడో, వాని చేత ఏమున్నదో, ధనమునకే వచ్చెనో ప్రాణమునకే వచ్చెనో ఇంటివానికి తెలియదు. చట్టము మన్నించినది అతని భయమును గాని, అతని పెట్టెలోని నాణెములను గాదు.

మన స్మృతులు నిప్పు పెట్టువానిని, విషము పెట్టువానిని, ఆయుధపాణిని, ధనమును, క్షేత్రమును, భార్యను అపహరించువారిని ఆతతాయులని పేర్కొన్నవి. ఆతతాయిని వెనుదీయక చంపవచ్చునని మనుస్మృతి వాక్యము. ధనాపహర్త ఆ పట్టికలో నుండుట చూచి ప్రతి దొంగతనమునకును మరణమే తగునని వాదించువారు కలరు. మాకది సమ్మతము కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరా వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడే ఆ వాక్యమును ఉన్నదున్నట్లు గ్రహింపక, దీర్ఘముగా చర్చించెను. ఆ మితాక్షర ననుసరించియే పదుమూడవ శతాబ్దిలో కేతన తెలుగున 'విజ్ఞానేశ్వరము' రచించెను.

ఇంతవరకును చంపువాడు ఎదుట నిలిచియున్నాడు. అతడు లేకయే చంపు ఉపాయము ఇంగ్లండులో ప్రబలెను. అదియే స్ప్రింగు తుపాకి. పొదలలో తుపాకి నమర్చి, దానికి కట్టిన తీగలను నేలకు కొంచెము ఎత్తున సాగదీయుదురు. తీగకు కాలు తగిలినంతనే తుపాకి ప్రేలును. జమీందారులు తమ అడవులలోని వేటజంతువుల రక్షణకై వీనిని విరివిగా వాడిరి. 1820లో, హెచ్చరిక ఉన్నదని తెలిసియు కాయలు ఏరుకొనుటకు అడవిలో ప్రవేశించి గాయపడిన ఒకనికి నష్టపరిహారము లేదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. సిడ్నీ స్మిత్ అను మతాచార్యుడు మరుసటి యేడు ఎడింబరో రివ్యూ పత్రికలో ఈ తుపాకులను తీవ్రముగా ఖండించుచు వ్యాసము వ్రాసెను.

1825 మార్చి 21వ తేదీన బ్రిస్టలు ప్రాంతమున జరిగిన సంగతి వినదగినది. ఒకడు తన ఇంటికి మైలు దూరమున ప్రహరీగోడల నడుమ మేలిరకపు ట్యూలిప్ పూలను పెంచుచుండెను. అంతకు కొలది దినములకు ముందు 20 పౌనులకు పైబడిన పూలును దుంపలును దొంగలపాలయ్యెను. అందుచే అతడు తోటలో తుపాకి నమర్చి, 15 అంగుళముల ఎత్తున తీగలు సాగదీసెను. ఆనాటి సాయంకాలము, వెలుతురు ఉండగనే, పొరుగింటి ఆడునెమలి ఎగిరివచ్చి ఆ తోటలో వాలెను. దానిని వెంబడించుచు పనికత్తె పడుచున్న ఆందోళన చూచి, పందొమ్మిదేండ్ల యువకుడొకడు గోడ నెక్కెను. లోపల ఎవరైన కలరా యని రెండు మూడు మారులు కేక వేసెను. బదులు రాలేదు. కొంతసేపు నిలిచి లోనికి దుమికెను. తీగ తగిలి తుపాకి ప్రేలగా మోకాలికి పైన తీవ్రముగా గాయమయ్యెను.

తోట యజమాని హెచ్చరికపలక కట్టలేదు. అంతేకాదు, దొంగ పట్టుబడకపోవునేమో యని, తుపాకి సంగతి ఎవరికిని చెప్పవద్దని కోరినట్లు సాక్ష్యము వచ్చినది. బర్డ్, హాల్‌బ్రుక్కుల వ్యాజ్యముగా ప్రసిద్ధమైన ఈ వివాదమున 1828లో తీర్పు యువకుని పక్షమున వెలువడెను. విచిత్రమేమన, 1820 నాటి తీర్పులో పాల్గొని, సిడ్నీ స్మిత్ విమర్శకు గురియైన బెస్టు న్యాయమూర్తియే ఇప్పుడు ప్రధాన న్యాయమూర్తి! ఈ నడుమ 1827లో పార్లమెంటు ఈ తుపాకులను చట్టముచే నిషేధించినది. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు నివాసగృహములో అమర్చుటను మాత్రము మినహాయించినది. పన్నెండు ఫలకముల రాత్రియే మరల వచ్చినది.

మెకాలే అధ్యక్షతన 1837లో చిత్తుగా తయారై, 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుండి అమలైన భారత శిక్షాస్మృతియు ఈ జాడనే నడచినది. దాని 103వ సెక్షను ఆస్తిరక్షణకై ప్రాణము తీయు హక్కును నాలుగు సందర్భములకు పరిమితము చేసినది: దోపిడి, రాత్రివేళ ఇల్లు భేదించి చొరబడుట, నివాసములకును సొత్తు దాచు కట్టడములకును నిప్పు పెట్టుట, మరణమో దారుణమైన గాయమో తప్పదని సహేతుకముగా భయము గొలుపు దొంగతనము, విధ్వంసము, గృహాక్రమణము. అధికారుల సహాయము పొందు వ్యవధి యున్నచో ఆ హక్కే లేదు. అవసరమునకు మించి హాని చేయరాదు. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షనులో, ప్రేలుడు పదార్థములను చేర్చుట మినహా, దాదాపు ఇదియే నిలిచినది.

తుపాకి పోయి విద్యుత్తు వచ్చినది. బీహారులో ఒకడు తన మరుగుదొడ్డిని పొరుగువారు వాడుచున్నారని, అచటికి పోవు దారిలో విద్యుత్తు ప్రవహించు వట్టి రాగితీగను కట్టెను. గోడ కూలి తమ దొడ్డి పనికిరాకపోగా అచటికి వచ్చుచున్న పొరుగింటి స్త్రీ ఆ తీగ తగిలి మరణించెను. అనుమతి లేక అడుగు పెట్టినంతమాత్రమున మనిషి చట్టరక్షణకు వెలియగునా? కాడని 1963లో సుప్రీముకోర్టు చెప్పి, అతని శిక్షను స్థిరపరచినది. తీగలో విద్యుత్తు కలదని తెలుపు హెచ్చరిక అచట ఏదియు లేకుండెను.

నేడు మన తెలుగు జిల్లాలలో అడవిపందుల బెడదకు చేను చుట్టు కరెంటు తీగ కట్టు రైతులు కలరు. అది తగిలి పొరుగు రైతులు, కూలివారు, ఒక్కొక్కప్పుడు కట్టినవారే మరణించిన వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము. ఒక్క రాత్రిలో పంట నేలమట్టమగుట చూచిన రైతు దుఃఖమును మేము తేలికగా ఎంచము. మంచెపై రాత్రులు జాగరము చేయ ఇంట మనిషి లేకనే పెక్కుమంది తీగకు దిగుచున్నారు. ఐనను ఆ తీగకు మనిషి బలియైనచో, పందికై కట్టితినన్న మాట న్యాయస్థానమున అక్కరకు వచ్చుట దుర్లభము.