ఫ్రాన్స్ దర్వాజాకు పహరా

ఫ్రాన్స్ ఫుట్‌బాల్ అనగానే మన ఇళ్ళల్లో పిల్లలు ఎంబాపె పేరు చెప్తారు. వాళ్ళ అబ్బాలు జిదాన్ అంటారు. ఇంకా పెద్దవాళ్ళుంటే ప్లాతినీని యాద్ చేసుకుంటారు. ముగ్గురూ గోల్ కొట్టి షాన్ సంపాదించినవాళ్ళే. నా మొహబ్బత్ మాత్రం మొదటి నుంచీ వెనక ఒంటరిగా నిలబడే గోలీల మీద.

గోల్‌కీపర్ పని అజీబ్ పని. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తున్న దర్వాజా. దానికి పహరా కాయాలి. జట్టులో పదిమందిదీ ఒక రంగు చొక్కా అయితే ఇతనిది వేరే రంగు. తొంభై నిమిషాలు ఆపినవి ఎవరికీ గుర్తుండవు, వదిలేసిన ఒక్కటి జిందగీ అంతా గుర్తుంటుంది. అంత జిమ్మెదారీ ఒక మనిషికి అప్పజెప్పాలంటే అతని మీద పూరా భరోసా ఉండాలి కదా. ఫ్రాన్స్ తన దర్వాజాను ఎవరెవరికి అప్పజెప్పిందో చూస్తే, ఆ ముల్క్ తారీఖ్‌లో ఒక ముఖ్యమైన కథ దొరుకుతుంది.

మొదటి ప్రపంచ కప్ 1930లో ఉరుగ్వేలో జరిగింది. జులై 13న ఫ్రాన్స్, మెక్సికో ఆడాయి. ఫ్రాన్స్ గోలీ అలెక్స్ తెపో. అరగంట కూడా కాకముందే అతని మొహానికి గట్టి దెబ్బ తగిలింది, బయటికి వెళ్ళిపోయాడు. ఆ జమానాలో సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేదు. హాఫ్‌బ్యాక్ ఆడే ఆగస్తాఁ శాంత్రెల్ వెళ్ళి గోల్‌లో నిలబడ్డాడు. పదిమందితో ఆడి కూడా ఫ్రాన్స్ 4-1తో గెలిచింది. కమాల్ ఏమిటంటే, రెండు రోజులకే తెపో మళ్ళీ అర్జెంటీనా ముందు గోల్‌లో ఉన్నాడు. ఆ మ్యాచ్ ఒక్క గోల్ తేడాతో పోయింది. తర్వాత చిలీతో మ్యాచ్‌లో పెనాల్టీ కూడా ఆపాడు. ఫ్రెంచి గోలీల హిమ్మత్‌కు ప్రపంచ కప్‌లో ఇది పహ్లా సబక్.

అదే 1930లో, సముద్రానికి ఇవతల అల్జీర్స్‌లో, పదిహేడేళ్ళ ఇంకో గోలీకి క్షయ పట్టుకుని ఆట ఆగిపోయింది. అతని పేరు ఆల్బెర్ కామూ. రేసింగ్ యూనివర్సితేర్ అనే క్లబ్ జూనియర్ జట్టుకు ఆడేవాడు. తర్వాత రచయిత అయ్యాడు, 1957లో నోబెల్ వచ్చింది. కామూ ఫ్రెంచి వలసదారుల ఇంటి గరీబ్ పిల్లవాడు. అదే నేల మీద పుట్టిన ముసల్మాన్ పిల్లవాడి కథ వేరే.

ఆ పిల్లవాడు అబ్దుర్రహ్మాన్ ఇబ్రీర్. 1919లో పుట్టాడు. తూలూజ్‌కీ, మార్సెయ్‌కీ ఆడాడు. 1949, 1950లలో ఆరుసార్లు ఫ్రాన్స్ జాతీయ జట్టు గోల్‌లో నిలబడ్డాడు. ఈ తేదీలను కాస్త గౌర్ చేసి చూడండి. 1945 మే 8న, యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజే, అల్జీరియాలోని సతీఫ్‌లో ఆజాదీ అడిగినవాళ్ళ మీద తుపాకులు పేలాయి. ఆ తర్వాతి వారాల్లో వేలమంది ముసల్మానులు చనిపోయారు. 1947లో ఫ్రాన్స్ అల్జీరియాకు ఒక అసెంబ్లీ ఇచ్చింది. అందులో 120 సీట్లు. సుమారు పది లక్షల యూరోపియన్ల వర్గానికి 60, ఎనభై లక్షలకు పైగా ఉన్న ముసల్మానులకు 60. ఓటు విషయంలో ఎనిమిది మంది కలిస్తే ఒక్కడితో బరాబర్ అన్నమాట. అలాంటి రోజుల్లో ఫ్రాన్స్ దర్వాజాకు పహరా కాసింది ఒక అల్జీరియా ముసల్మాన్. దర్వాజా కాయడానికి పనికొచ్చాడు. ఆ దర్వాజాలోంచి అతని ఖౌమ్ బరాబరీ హక్కుతో లోపలికి రావడానికి మాత్రం ఇజాజత్ లేదు.

ఈ లెక్కకు జవాబు 1958 ఏప్రిల్‌లో వచ్చింది. ఫ్రాన్స్‌లో ఆడుతున్న అల్జీరియా ఖిలాడీలు కొందరు ఖామోషీగా సరిహద్దు దాటి ట్యునిస్ చేరారు. ఆజాదీ కోసం పోరాడుతున్న ఎఫ్‌ఎల్‌ఎన్ తరఫున జట్టు కట్టారు. స్వీడన్‌లో ప్రపంచ కప్ రెండు నెలల దూరంలో ఉంది. ముస్తఫా జితూనీ, రషీద్ మెఖ్లూఫీ ఇద్దరూ ఫ్రాన్స్ జట్టులో ఉండాల్సినవాళ్ళు. ఆ మౌకా వదిలేశారు. వాళ్ళతో వెళ్ళిన గోలీ మొనాకో క్లబ్బుకు ఆడే అబ్దుర్రహ్మాన్ బూబకర్. తర్వాత ఇబ్రీర్ కూడా ఆ జట్టులో చేరాడు. అప్పటికి అతని వయసు నలభైకి దగ్గర. ఒకప్పుడు ఫ్రాన్స్ గోల్ కాచిన చేతులు ఇప్పుడు ఇంకా పుట్టని ముల్క్ గోల్ కాయడానికి వెళ్ళాయి. ఫిఫా ఆ జట్టును ఒప్పుకోలేదు. అయినా 1962లో ఆజాదీ వచ్చేదాకా తూర్పు యూరప్‌లో, అరబ్ దేశాల్లో, చైనాలో, వియత్నాంలో ఆడుతూనే ఉన్నారు.

ఆ సంవత్సరాల్లోనే ఫ్రాన్స్ ఎదుట మన హైదరాబాద్ కూడా ఒకసారి నిలబడింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ తయారుచేసిన ఇండియా జట్టు ఫ్రాన్స్‌తో 1-1గా డ్రా చేసింది. పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. సికింద్రాబాద్ బలరాం, హైదరాబాద్‌లో పుట్టిన గోలీ పీటర్ తంగరాజ్ ఆ బృందంలో ఉన్నారు. మైదాన్‌లో పెద్ద ముల్క్, చిన్న ముల్క్ అనే ఫరక్ తొంభై నిమిషాలపాటైనా మాయమవుతుందని చెప్పడానికి ఆ మ్యాచ్ చాలు.

ఆ తర్వాత ఫ్రాన్స్‌కు దొరికిన గొప్ప గోలీల్లో నాకు బాగా ఇష్టమైనవాడు జోయెల్ బాత్స్. 1982లో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి, 1984లో యూరప్ కప్ గెలిచిన జట్టుకు గోల్ కాశాడు. 1986 జూన్ 21న మెక్సికోలో బ్రెజిల్ ఎదురొచ్చింది. 1-1 దగ్గర జీకో కొట్టిన పెనాల్టీని బాత్స్ ఆపేశాడు. షూటౌట్‌లో సోక్రటీస్‌ది కూడా ఆపాడు. ఫ్రాన్స్ గెలిచింది. మౌత్‌ను ఒకసారి ఎదురుగా చూసి వచ్చినవాడికి పెనాల్టీ పెద్ద ఇమ్తిహాన్ కాదేమో.

తొంభైల్లో దర్వాజా బెర్నార్ లామాకు వచ్చింది. దక్షిణ అమెరికాలో ఫ్రాన్స్ పాత వలస అయిన గయానాలో పెరిగినవాడు. 1996 యూరోలో సీడార్ఫ్ పెనాల్టీ ఆపి జట్టును సెమీఫైనల్‌కు చేర్చాడు. ఆ తర్వాత గంజాయి పరీక్షలో పట్టుబడి నిషేధం ఎదుర్కొన్నాడు. 1998లో సొంత గడ్డ మీద కప్ గెలిచినప్పుడు లామా బెంచీ మీద, ఫాబియాఁ బార్తేజ్ గోల్‌లో. ఆ కప్‌లో బార్తేజ్ ఏడు మ్యాచ్‌లలో వదిలింది రెండే రెండు గోల్స్. ప్రతి మ్యాచ్ ముందూ లోరాఁ బ్లాఁ అతని గుండును ముద్దుపెట్టుకునేవాడు. మన పిల్లలు కూడా గల్లీలో దాన్ని నఖలు చేశారు.

బార్తేజ్ తర్వాతి జమానా హ్యూగో యోరిస్‌ది. 145 మ్యాచ్‌లు, ఫ్రాన్స్‌లో ఎవరూ అన్ని ఆడలేదు. 2018 ఫైనల్‌లో కెప్టెన్. ఆ రోజు బంతిని కాళ్ళతో దాటించబోయి మాండ్జుకిచ్‌కు గోల్ ఇచ్చేశాడు. ఫ్రాన్స్ 4-2తో గెలిచింది కాబట్టి అందరూ నవ్వి మాఫ్ చేశారు. 2022 ఫైనల్ షూటౌట్‌లో అర్జెంటీనా కొట్టిన నాలుగూ లోపలికి వెళ్ళాయి. అప్పుడు కూడా యోరిస్‌ను నీ వతన్ ఏదని ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. కానీ అదే షూటౌట్‌లో గోల్ చేయలేకపోయిన కోమాన్, చువామేనీల మీద, వాళ్ళ ఒంటి రంగు చూసి, ఇంటర్నెట్‌లో గాలీల వాన కురిసింది. గల్తీ ఆటలో భాగం. ఒకరి గల్తీ ఆటగాడి గల్తీగా, ఇంకొకరి గల్తీ మొత్తం ఖౌమ్ గల్తీగా లెక్కవేయడమే నాఇన్సాఫీ.

ఇప్పటి పహరాదారు మైక్ మైన్యాఁ. గయానాలోని కాయెన్‌లో పుట్టాడు. 2024 జనవరి 20న ఇటలీలోని ఉదీనేలో మిలాన్‌కు ఆడుతుంటే, గోల్ వెనక కూర్చున్న కొందరు కోతి అరుపులు అరిచారు. గోలీకి పారిపోవడానికి చోటు ఉండదు. గోడ అతని వీపుకు దగ్గర, ఆ గొంతులు చెవికి దగ్గర. మైన్యాఁ మైదాన్ వదిలి నడిచి వెళ్ళిపోయాడు. జట్టంతా వెనకే వెళ్ళింది. కొద్ది నిమిషాల తర్వాత తిరిగొచ్చి గోల్‌లో నిలబడ్డాడు. మిలాన్ 3-2తో గెలిచింది. నా లెక్కలో అతను ఆపిన బంతులన్నిటికంటే ఆ నడక పెద్దది. తిరిగి రావడం ఇంకా పెద్దది.

అటువైపు దర్వాజా కూడా ఉంది. పారిస్‌లో పుట్టిన రాయిస్ ఎంబోల్హి అల్జీరియాను ఎంచుకున్నాడు. 2014లో, రంజాన్ మొదటి రోజుల్లో, జర్మనీని తొంభై నిమిషాలు ఒక్క గోల్ కూడా కొట్టనివ్వలేదు. అదనపు సమయంలో 2-1తో ఓడినా మ్యాచ్‌లో ఉత్తమ ఖిలాడీ అతనే. జిదాన్ కొడుకు లూకా మార్సెయ్‌లో పుట్టి, ఫ్రాన్స్ పిల్లల జట్లకు ఆడి, 2025లో దాదా వతన్ అల్జీరియా గోల్‌కు వెళ్ళాడు. ఇబ్రీర్‌కు మొదట ఒకే దర్వాజా ఉండేది. రెండోది కట్టుకోవడానికి కెరియర్‌నే పణంగా పెట్టినవాళ్ళ వల్ల, వీళ్ళకు ఎంచుకునే ఆజాదీ వచ్చింది.

ఈసారి పిల్లలతో కలిసి ఫ్రాన్స్ మ్యాచ్ చూస్తే, గోల్ పడ్డప్పుడు కెమెరా అటు పరిగెత్తినా, ఒక్కసారి ఇటు చివర నిలబడ్డవాడి గురించి చెప్పండి. ఇబ్రీర్ పేరు చెప్పండి. ఆ పేరు వాళ్ళకు బడి పుస్తకాల్లో దొరకదు.