ఎవరి మీద?

రెండవ లాటెరన్ మహాసభ 1139లో క్రాస్‌బోను నిషేధించింది. ముందే బిగించిన తీగను మీట నొక్కి వదిలే ఆ విల్లుతో, ఏళ్ల సాధన లేని కాలిబంటు కూడా కవచం తొడిగిన రౌతును దూరం నుంచే పడగొట్టగలడు. ఆ విద్య దేవుడికి గిట్టనిదనీ, దానికి పూనుకున్నవాళ్లు వెలికి పాత్రులనీ సభ తీర్మానించింది. దీన్ని ఆయుధాల కట్టడికి తొలిమెట్టుగా చెప్పుకోవడం పరిపాటి. అందులో ఒక చిన్న షరతును మాత్రం చాలామంది దాటేస్తారు: క్రైస్తవుల మీద వాడితేనే తప్పు. తక్కినవాళ్ల మాట సభ ఎత్తలేదు. అది యుద్ధం గురించి కాదు, విలువిద్య పందేల గురించి అని వాదించే చరిత్రకారులున్నారు. అలా అనుకున్నా షరతు చెరిగిపోదు. పోనీ నిషేధమైనా నిలిచిందా అంటే, క్రాస్‌బోను ఇష్టంగా వాడిన ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్ 1199లో ఒక క్రైస్తవ కోట ముందు దాని దెబ్బకే పోయాడు.

‘ఎవరి మీద’ అనే ప్రశ్న ‘ఏం చేస్తున్నాం’ అనే ప్రశ్నగా మారడానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది. 1539లో సలమాంకా విశ్వవిద్యాలయంలో డొమినికన్ సన్యాసి ఫ్రాన్సిస్కో దె విటోరియా, తురుష్కులతో యుద్ధంలోనైనా పసిపిల్లలను చంపరాదని బోధించాడు. వాళ్ల మతంతో పనిలేదు. వాళ్లు నిర్దోషులు, అంతే. కానీ ఆయనే ఒక తలుపు ఓరగా తెరిచి ఉంచాడు. కోట మీద ఫిరంగి పేలిస్తే లోపలి నిర్దోషులు చస్తారని తెలిసినా, చంపాలన్న ఉద్దేశం లేకుంటే, కలిగే కీడు సాధించే మేలును మించకుంటే, అది పాపం కాదన్నాడు. ఆత్మరక్షణ గురించి థామస్ అక్వినాస్ చేసిన ఆలోచన దీనికి మూలం. కోటలూ ఫిరంగులూ ఉన్న కాలానికి ఇది వివేకమే. తర్వాతి శతాబ్దాల్లో ఆ సందులోంచి ఊళ్లకు ఊళ్లే పట్టాయి.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమానాలు జర్మన్ నగరాల మీద పేటలకు పేటలనే గురిగా పెట్టుకుని బాంబులు కురిపించాయి. 1944 ఫిబ్రవరి 9న చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ ప్రభువుల సభలో లేచి దీన్ని ప్రశ్నించాడు. ఆయన యుద్ధమే వద్దన్నవాడు కాడు. నాజీలను మొదటినుంచీ ఎదిరించినవాడు, హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్‌కు ఆప్తమిత్రుడు. ఆయుధ కర్మాగారాన్ని కొట్టడం వేరు, అది ఉందన్న సాకుతో నగరాన్నంతటినీ తుడిచిపెట్టడం వేరు అన్నదే ఆయన మాట. అదే ఏడాది అమెరికాలో జెసూట్ పండితుడు జాన్ ఫోర్డ్ అసలు ముడి విప్పాడు. లక్షలమంది ఇళ్ల మీదికి నిప్పు వదులుతూ వాళ్ల చావు మా ఉద్దేశం కాదనడం చెల్లదు. జనం ధైర్యాన్ని దెబ్బతీయడమే లక్ష్యమని ప్రకటించాక ఆ జనమే గురి అవుతారు. విటోరియా తలుపును విటోరియా తర్కంతోనే మూశాడన్నమాట.

ఎవరూ వినలేదు. అణుబాంబుతో హిరోషిమాకు బయల్దేరే అమెరికా విమాన సిబ్బంది కోసం టినియన్ దీవిలో లూథరన్ చాప్లెయిన్ ప్రార్థన చేశాడు. మూడు రోజులకు నాగసాకిలో బాంబు ఉరకామి లోయ మీద పేలింది. జపాన్‌ను ఏలిన షోగున్‌ల నిషేధం కింద రెండున్నర శతాబ్దాలు గురువులు లేకుండానే రహస్యంగా విశ్వాసం కాపాడుకున్న కుటుంబాల లోయ అది. అక్కడి 12 వేలమంది కేథలిక్కుల్లో దాదాపు 8,500 మంది పోయారు. పేలుడు చోటికి అరకిలోమీటరు దూరంలో కెథెడ్రల్ కూలింది. 1139 నాటి షరతు ప్రకారం చూసినా ఇది తప్పే. అయితే ఆ లెక్కలోకి దిగితే హిరోషిమా వాళ్లు చేసుకున్న పాపమేమిటో చెప్పాల్సి వస్తుంది.

ఆ బాంబులే యుద్ధాన్ని ఆపి అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడాయి కదా అన్నది గట్టి అభ్యంతరమే. 1956లో ఆక్స్‌ఫర్డ్, ఆ బాంబులు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు గౌరవ పట్టా ఇవ్వబోతే అడ్డుతగిలిన తత్వవేత్త, కేథలిక్ ఎలిజబెత్ ఆన్స్‌కమ్ దీనికి బదులిచ్చింది. బేషరతు లొంగుబాటు తప్ప మరేదీ ఒప్పుకోమని పట్టుబట్టినవాళ్లే ఆ ఇరకాటాన్ని సృష్టించారు; తీరా నిర్దోషుల ప్రాణాలను దానికి వెలగా చెల్లించారు. లెక్క సరిపోయినంత మాత్రాన హత్యకు ఇంకో పేరు రాదని ఆమె వాదన. నాకు ఇదే సరైన జవాబుగా తోస్తుంది. ఎంతమంది మిగిలారన్నదే కొలబద్దయితే చెయ్యకూడని పనంటూ యుద్ధంలో ఏదీ ఉండదు, విషవాయువైనా సరే.

1965లో రెండవ వాటికన్ మహాసభ నగరాలను మూకుమ్మడిగా నాశనం చెయ్యడాన్ని దేవుడికీ మనిషికీ వ్యతిరేకంగా చేసే నేరమంది. ఈసారి ‘ఎవరి మీద’ అన్న షరతు లేదు. ఆ సభే బాంబును వాడకుండా బెదిరింపుగా దగ్గరుంచుకోవడాన్ని మాత్రం సూటిగా ఖండించలేదు. 1982లో పోప్ రెండవ జాన్ పాల్ నిరాయుధీకరణకు దారితీసే మెట్టుగా దాన్ని సహించవచ్చన్నాడు. చెయ్యరాని పనిని చేస్తామని బెదిరించడం ఎలా చెల్లుతుందో నాకు బోధపడదు. నమ్మని బెదిరింపు పనిచెయ్యదు, నమ్మించాలంటే చేసే సంకల్పం ఉండాలి. దగ్గరుంచుకోవడం కూడా ఖండించదగిందేనని పోప్ ఫ్రాన్సిస్ అనడానికి 2017 నవంబరు దాకా పట్టింది. అంతకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 20న, అణ్వాయుధ నిషేధ ఒప్పందం సంతకాలకు తెరిచిన రోజునే వాటికన్ సంతకం పెట్టి ఆమోదించింది. బాంబు ఉన్న దేశాల్లో ఒక్కటీ సంతకం చెయ్యలేదు.